పసిపిల్లల ఆరోగ్య తనిఖీలు, ఎదుగుదల లోపాల తొలి గుర్తింపు

జబ్బుపడిన బిడ్డను డాక్టరుకు చూపించడం అందరూ చేసే పనే. జబ్బేమీ లేని బిడ్డను, ఫలానా వయసు వచ్చిందన్న ఒక్క కారణంతో తూచి, కొలిచి, చూపూ వినికిడీ నడకా మాటా పరీక్షించి, ఆ వివరాలు కార్డులో రాసిపెట్టడం ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడిన పద్ధతి. పుట్టిన గంటల్లో మొదలై బడి చదువు ముగిసేదాకా సాగే ఈ తనిఖీలు మూడు సంగతులు చూస్తాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు ఏమన్నా ఉన్నాయా, ఒళ్ళు వయసుకు తగ్గట్టు పెరుగుతోందా, బుద్ధీ భాషా కదలికలూ వయసుకు తగ్గట్టు వికసిస్తున్నాయా అన్నవి అవి. మొదటి రెండింటికి చాలావరకు తక్కెడ, టేపు, టార్చిలైటు సరిపోతాయి. మూడోది కష్టం. బిడ్డ ఏం చేస్తోందో ఎవరికైనా కనిపిస్తుంది. ఈ వయసుకు చేయాల్సింది ఏది చేయడం లేదో పట్టుకోవాలంటే చూసేవారికి శిక్షణ కావాలి, తల్లి చెప్పేది చివరిదాకా వినే ఓపిక కావాలి.

మన దేశంలో ఎదుగుదల లోపాల సమస్య ఎంత పెద్దదో 2018లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వెలువడిన ఇన్‌క్లెన్ సంస్థ అధ్యయనం చూపింది. హర్యానాలోని పల్వల్, హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా, ఒడిశాలోని ఢెంకనాల్, ఉత్తర గోవా, మన హైదరాబాద్, ఈ అయిదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 3,964 మందిని పరీక్షించారు. చూపు, వినికిడి లోపాలు, మూర్ఛ, సెరిబ్రల్ పాల్సీ వంటి కదలికల లోపాలు, మాటల ఇబ్బందులు, ఆటిజం, బుద్ధిమాంద్యం, కాస్త పెద్దపిల్లల్లో ఏకాగ్రత లోపం, చదువులో వెనుకబాటు లెక్కలోకి తీసుకుంటే, ఆరేళ్ళలోపు వారిలో 9.2 శాతం మందికి, ఆరు దాటిన వారిలో 13.6 శాతం మందికి ఏదో ఒకటి ఉన్నట్టు తేలింది. అలాంటి పిల్లల్లో దాదాపు అయిదో వంతు మందికి ఒకటికి మించి ఉన్నాయి. వీటితో ముడిపడిన కారణాలు చూస్తే మనసు కలుక్కుమంటుంది. ఇంటి దగ్గర కాన్పు, పుట్టగానే ఊపిరి అందకపోవడం, తొలి నెలలో తీవ్రమైన జబ్బు, మెదడుకు ఇన్ఫెక్షన్, నెలలు నిండని పుట్టుక, తక్కువ బరువు, గిడసబారడం. వీటిలో ఎక్కువ భాగం అడ్డుకోదగ్గవే.

గడువు ఉన్న లోపాలు

ఏ జబ్బునైనా ముందుగా గుర్తిస్తే మంచిదే. పసితనంలో ఆ మాటకు ఉన్న బరువు వేరు. మెదడు కొన్ని పనులు కొన్ని నెలల్లోనే నేర్చుకుంటుంది. ఆ నెలలు దాటిపోయాక వైద్యం చేసినా పూర్తి ఫలితం దక్కదు.

పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపాన్నే తీసుకుందాం. ఆ గ్రంథి లేకుండానో, సరిగా పనిచేయకుండానో పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో అందరు పిల్లల్లాగే ఉంటుంది. కడుపులో ఉండగా తల్లి నుంచి అందిన హార్మోను కొన్నాళ్ళు కాపాడుతుంది. తరవాత మలబద్ధకం, పాలకు కూడా లేవనంత నిద్ర, ఎన్నాళ్ళకీ తగ్గని పసిరికలు, ముందుకు పొడుచుకొచ్చిన బొడ్డు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. అవి కనిపించేసరికే మెదడుకు నష్టం మొదలై ఉంటుంది. రెండు వారాల లోపు థైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ తోటి పిల్లలతో సమానంగా చదువుకుంటుంది. మాత్ర చాలా చవక. పరీక్షకు కావలసింది మడమ నుంచి తీసిన కొన్ని చుక్కల రక్తం, ఒక వడపోత కాగితం. 1960ల తొలినాళ్ళలో అమెరికా వైద్యుడు రాబర్ట్ గత్రీ ఫినైల్‌కీటోనూరియా అనే మరో జబ్బు కోసం ఈ కాగితం పద్ధతిని రూపొందించారు. ఆయన కొడుక్కి బుద్ధిమాంద్యం ఉండేది, బంధువుల బిడ్డకు సరిగ్గా ఆ ఫినైల్‌కీటోనూరియాయే ఉండేది.

హైదరాబాద్‌లో 2000లో మొదలైన ఒక ప్రయత్నాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. డాక్టర్ ఎ. రాధారమాదేవి బృందం నాలుగు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పుట్టిన సుమారు 18,300 మంది శిశువుల రక్తాన్ని ఇలా పరీక్షించింది. 1,700 మందిలో ఒకరికి థైరాయిడ్ లోపం, 2,575 మందిలో ఒకరికి అడ్రినల్ గ్రంథి లోపం బయటపడ్డాయి. మేనరికాలు ఇప్పటికీ బాగా ఉన్న ప్రాంతంలో వంశపారంపర్యంగా వచ్చే జీవక్రియ లోపాలు వెతకాల్సిన అవసరం ఎంత ఉందో ఆ ఫలితాలు చెప్పాయి. గోవా 2008లో, ఆ తరవాత కేరళ తమ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్షను అమలుచేశాయి. దేశమంతటా మాత్రం ఇది ప్రతి కాన్పుకూ తప్పనిసరి కాలేదు. ఇంత చవకైన పరీక్ష, అంతకన్నా చవకైన మందు ఉన్న జబ్బు విషయంలో ఈ ఆలస్యానికి సరైన సమాధానం లేదు.

కంటిదీ అలాంటి కథే. శుక్లంతో పుట్టిన బిడ్డకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులోనే ఆపరేషన్ చేస్తే మెదడు చూడటం నేర్చుకుంటుంది. ఏడాది ఆగితే కన్ను బాగుపడినా చూపు రాకపోవచ్చు. కంటిపాప మధ్యలో తెల్లగా మెరుస్తుంటే అది శుక్లం కావచ్చు, ప్రాణాంతకమైన రెటీనోబ్లాస్టోమా క్యాన్సర్ కూడా కావచ్చు. ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, మరో కన్ను తెల్లగా పడిందని చూసి ఆసుపత్రికి వచ్చే తల్లిదండ్రులు ఉన్నారు. మెల్లకన్ను అదృష్టమనే నమ్మకం మన ఊళ్ళలో ఇంకా ఉంది. నిజానికి మెల్లకన్నును వదిలేస్తే మెదడు ఆ కంటిని పట్టించుకోవడం మానేస్తుంది, చూపు శాశ్వతంగా మందగిస్తుంది. నెలలు నిండకుండా పుట్టి ఆక్సిజన్ మీద బతికిన పిల్లలకు రెటీనా దెబ్బతినే ప్రమాదం మరొకటి. 34 వారాల లోపు పుట్టినవారికి, రెండు కిలోల లోపు బరువున్నవారికి పుట్టిన 30 రోజుల్లోపు, ఇంకా ముందుగా పుట్టినవారికి రెండు మూడు వారాల్లోనే కంటి పరీక్ష జరగాలి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివరి నుంచి జంట నగరాల నవజాత శిశు విభాగాలకు తన వైద్యులను పంపి ఈ పరీక్షలు చేయించడం దేశానికే దారి చూపిన పని.

వినికిడి లోపాన్ని ఇళ్ళలో పసిగట్టడం ఇంకా కష్టం. వెనకాల పళ్ళెం మోగించి, బిడ్డ తల తిప్పితే చెవులు బాగున్నాయని అనుకుంటాం. కదలిక నీడనో, గాలి తాకిడినో గమనించి కూడా బిడ్డ తిరుగుతుంది. చెవిలో చిన్న గొట్టం పెట్టి లోపలి చెవి స్పందనను కొలిచే ఓఏఈ పరీక్షకు కొన్ని నిమిషాలు చాలు, బిడ్డ నిద్రలో ఉన్నా చేయొచ్చు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలుకావాలన్నది ప్రపంచమంతటా ఒప్పుకున్న నియమం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద, లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉచితంగా అందడం మొదలయ్యాక, లక్షల ఖరీదైన ఈ చికిత్స కూలి పనివారి పిల్లలకూ చేరింది. అయితే పరికరం పెట్టడంతో పని పూర్తికాదు. చెవికి చేరిన శబ్దాన్ని మాటగా అర్థం చేసుకోవడం బిడ్డకు నెలల తరబడి నేర్పాలి.

వంకర పాదాలకు పోన్సెటీ పద్ధతిలో వారం వారం కట్లు మార్చి సరిదిద్దడం పుట్టిన తొలి వారాల్లో సులువు. గ్రహణం మొర్రికి గర్భిణి గ్రహణం చూడటంతో ఏ సంబంధమూ లేదు, ఆపరేషన్‌తో నయమవుతుంది. ఒళ్ళు నీలిరంగుకు తిరిగే గుండె జబ్బులను పట్టుకోవడానికి పుట్టిన 24 గంటల తరవాత పల్స్ ఆక్సీమీటరు పెట్టి చూడటం ఉపయోగపడుతుంది.

తనిఖీలు ఎలా పుట్టాయి

1892లో పారిస్‌లో పియెర్ బుడాఁ అనే ప్రసూతి వైద్యుడు కాన్పయి ఇంటికి వెళ్ళిన తల్లులను వారం వారం పిలిచి బిడ్డలను తూచేవాడు. చంటిపిల్లల మరణాలను తగ్గించడం ఆయన ఉద్దేశం. బ్రిటన్‌లో ప్రేరణ వేరు. బోయర్ యుద్ధానికి వచ్చిన యువకుల్లో చాలామంది సైన్యానికి పనికిరానంత బలహీనంగా ఉండటం ప్రభుత్వాన్ని కలవరపెట్టింది. 1907 చట్టం బడిపిల్లలకు వైద్య పరీక్షలను తెచ్చింది. రెండేళ్ళకే, 1909లో, బరోడా నగరంలో బడిపిల్లలకు వైద్య పరీక్ష జరిగింది. మన దేశంలో ఇదే మొదటిది. జపాన్ 1942లో గర్భిణులకు ఒక చేతిపుస్తకం ఇచ్చి, 1948లో దాన్ని తల్లీబిడ్డల పుస్తకంగా మార్చింది. పశ్చిమ జర్మనీ 1971లో వయసులవారీ పిల్లల పరీక్షలను ఆరోగ్య బీమాలో చేర్చింది.

పేద దేశాలకు ఎక్కువ పనికొచ్చిన ఆలోచన నైజీరియాలోని ఇమేసి అనే పల్లెటూరి నుంచి వచ్చింది. అక్కడ పనిచేసిన డేవిడ్ మోర్లీ అనే వైద్యుడు బిడ్డ బరువును నెలనెలా చుక్కలుగా గుర్తించే కార్డు తయారుచేసి, దాన్ని ఆసుపత్రిలో దాచకుండా తల్లి చేతికే ఇచ్చాడు. మన అంగన్‌వాడీల్లోని ఎదుగుదల పటం, తల్లీబిడ్డల రక్షణ కార్డు ఆ కార్డు సంతతే. ఆ పటంలోని గీతలకు ఆధారం 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ప్రమాణాలు. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు న్యూఢిల్లీ పిల్లలను కూడా కొలిచి వాటిని తయారుచేశారు. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రమైన ఇల్లు ఉంటే ఈ దేశాలన్నిటిలోనూ పిల్లలు దాదాపు ఒకే తీరున పెరుగుతారని ఆ అధ్యయనం తేల్చింది. మనవాళ్ళు పుట్టుకతోనే పొట్టి అనే సర్దుబాటు మాటకు అక్కడితో ఆధారం పోయింది.

మైలురాళ్ళు

బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు పంచే ఆనవాయితీ తెలుగు ఇళ్ళలో ఉంది. బిడ్డ ఎదుగుదలలోని ఒక్కో మెట్టును ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకునే ఏర్పాటు అది. ఏ నెలలో అడుగులేశాడని అడిగితే తేదీ గుర్తులేని అమ్మమ్మ కూడా అరిసెలు వండిన పండగను బట్టి చెప్పగలదు. వైద్యులు ఈ జ్ఞాపకాన్ని వాడుకోవాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యవంతులైన పిల్లలు ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా జరగొచ్చు. సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. అంత వెడల్పైన కిటికీ అది. పక్కింటి బిడ్డ పదో నెలలో నడిచిందని పదమూడో నెల బిడ్డ గురించి బెంగపడక్కరలేదు. పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ వయసును రెండేళ్ళ వరకు కాన్పు కావలసిన తేదీ నుంచి లెక్కకట్టాలి. ఈ ఒక్క సంగతి చెప్పకపోవడం వల్ల ఎందరో తల్లులు అనవసరంగా కుమిలిపోతుంటారు.

కొన్ని గుర్తులు మాత్రం ఎదురుచూడనివ్వవు. మూడు నాలుగు నెలలకీ మెడ నిలవకపోవడం, పలకరిస్తే బోసినవ్వు నవ్వకపోవడం, తొమ్మిది నెలలు దాటినా కూర్చోలేకపోవడం. ఏడాది నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒకే చేయి వాడుతుంటే ఇంట్లోవాళ్ళు చురుకుదనం అనుకుంటారు. రెండో చేయి బలహీనంగా ఉండటం, అంటే ఒకవైపు సెరిబ్రల్ పాల్సీ, దానికి కారణం కావచ్చు. వచ్చిన మాటలు, వచ్చిన ఆటలు పోగొట్టుకోవడం ఏ వయసులోనైనా తీవ్రమైన సూచనే.

మాట విషయంలో మన ఇళ్ళలో ఓదార్పులు ఎక్కువ. మగపిల్లాడు కదా, మాటలు లేటు అంటారు. వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకి గానీ రాలేదంటారు. నాలుక మీద వస రాస్తారు. నిజంగానే కొందరు పిల్లలు ఆలస్యంగా మొదలుపెట్టి అందరినీ అందుకుంటారు. కానీ పదహారు నెలలకి ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకి "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలపలేకపోయినా మొదట చెవులు పరీక్షించాలి. వినపడని బిడ్డకు వస రాసినా, ఎన్నేళ్ళు ఎదురుచూసినా మాట రాదు.

ఆటిజాన్ని పసిగట్టడంలో మాట కన్నా ముందు కనిపించే గుర్తు మరొకటి. చందమామను చూపిస్తూ అన్నం తినిపించేటప్పుడు, ఏడాది వయసు బిడ్డ తల్లి వేలు చూపిన వైపు చూస్తుంది, తరవాత తల్లి ముఖంలోకి చూస్తుంది. ఇంకొన్ని నెలలకు తనే వేలు చాపి, కుక్కనో విమానాన్నో చూపి, నువ్వూ చూశావా అన్నట్టు మన వైపు తిరుగుతుంది. ఒకే వస్తువును ఇద్దరూ కలిసి చూడటమనే ఈ సామర్థ్యం లేకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావలసిన వస్తువు కోసం పెద్దవాళ్ళ చేయి పట్టుకుని దానిమీద పెట్టడం, ఒకే కదలికను గంటలకొద్దీ చేయడం గమనించదగ్గవి. ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పత్రం ఇలాంటివే అడుగుతుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం దాదాపు ఇరవై ఏళ్ళుగా 18, 24 నెలల వయసుల్లో ప్రతి బిడ్డకూ ఆటిజం స్క్రీనింగ్ చేయమని చెబుతోంది.

మన దేశపు పరికరాలూ ఉన్నాయి. పిల్లల వికాసానికి బరోడాలో ప్రమీలా ఫాటక్ భారతీయ ప్రమాణాలు తయారుచేశారు. వాటి ఆధారంగా తిరువనంతపురంలో ఎం.కె.సి. నాయర్ బృందం 1991లో రెండేళ్ళలోపు పిల్లలకు 17 అంశాల పటాన్ని రూపొందించింది. ఒక నిలువు గీత గీసి, ఆ గీతకు ఎడమవైపు ఉన్న పనుల్లో బిడ్డ చేయలేనిది ఉందా అని చూస్తే చాలు. ఆరోగ్య కార్యకర్త కొన్ని నిమిషాల్లో ఈ పని చేయగలదు. సికింద్రాబాద్‌లో 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పటి ఎన్ఐఈపీఐడీ) తయారుచేసిన 40 అంశాల ఆటిజం కొలమానం 2009లో వెలువడింది. ఆటిజం వైకల్య ధ్రువీకరణకు దేశమంతా దాన్నే వాడుతున్నారు.

గడప దాకా, బడి దాకా

మన దేశంలో ఈ పని ఆశా కార్యకర్తతో మొదలవుతుంది. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డను ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్ళి చూడాలి. ఈ ఏర్పాటుకు స్ఫూర్తి తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న గడ్చిరోలిలో అభయ్, రాణీ బంగ్ దంపతులు చేసిన కృషి. పల్లె ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గరే చూసుకునేలా చేస్తే నవజాత శిశు మరణాలు గణనీయంగా తగ్గుతాయని 1999లో వారు నిరూపించారు. 2018 నుంచి ఈ సందర్శనలు 3, 6, 9, 12, 15 నెలల వయసులకూ విస్తరించాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నవంబర్ 14న బడిపిల్లల కోసం జవహర్ బాల ఆరోగ్య రక్ష మొదలైంది. 2013 ఫిబ్రవరిలో కేంద్రం పాల్ఘర్‌లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరిధి ఇంకా పెద్దది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా, నాలుగు తరగతుల కింద 30 ఆరోగ్య సమస్యలను ఇది వెతుకుతుంది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాల కొరత, బాల్యంలో వచ్చే జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం ఆ నాలుగు. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్ఎం, ఒక ఫార్మసిస్టు ఉన్న బృందం వాహనంలో అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఒకసారి వెళుతుంది. లోపం అనుమానించిన ఆరేళ్ళలోపు పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు, మనస్తత్వ నిపుణులు, కంటి, పంటి నిపుణులు ఒకే కప్పు కింద ఉంటారు. ఈ ఆలోచన గొప్పది. కాళ్ళకు ఒక ఊరు, చెవులకు ఒక ఊరు, మాటకు మరో ఊరు తిరిగే కష్టం తల్లికి తప్పుతుంది.

పోషకాల కొరతను వెతకడం తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ ఎందుకు ముఖ్యమో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. గిడసబారిన పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1 శాతం. ఇనుము చాలని బిడ్డ నీరసంగా ఉండటమే కాదు, నేర్చుకోవడంలోనూ వెనకబడుతుంది. విటమిన్-ఎ విషయంలో ఒక మంచి మాట చెప్పుకోవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన ఆధారంగా 1970లో మొదలైన ఆరు నెలలకోసారి ఇచ్చే మోతాదు వల్ల, ఒకప్పుడు పసికళ్ళను పొట్టనపెట్టుకున్న ఆ కొరత ఇప్పుడు అరుదైంది. బడిపిల్లల చూపు కోసం ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ 10న కంటి వెలుగు మొదలైంది. బోర్డు మీది అక్షరాలు కనపడక మొద్దు అనిపించుకున్న పిల్లలకు కళ్ళజోడే చదువైంది.

తూకం ఒక్కటే చాలదు

తనిఖీ అన్నాక మేలే జరుగుతుందని ముందే తీర్మానించుకోకూడదు. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ రాసిన సూత్రాల్లో కీలకమైనది ఒకటుంది. వెతికే జబ్బుకు ఒప్పుకోదగ్గ చికిత్స ఉండాలి, దాన్ని నిర్ధారించే, నయంచేసే సౌకర్యాలు అందుబాటులో ఉండాలి. ఇది లేనప్పుడు పరీక్ష తల్లి చేతిలో ఒక చీటీ పెట్టి, గుండెల్లో భయం పెట్టి పంపడమే అవుతుంది.

తమిళనాడు పల్లెల్లో జరిగిన ఒక అధ్యయనం 1993లో లాన్సెట్‌లో వచ్చింది. కొన్ని ఊళ్ళలో పోషణ గురించి తల్లులకు చెప్పడంతో పాటు నెలనెలా బరువు తూచి పటంలో గీశారు, మరికొన్ని ఊళ్ళలో పటం లేకుండా చెప్పడం మాత్రమే చేశారు. పిల్లల పెరుగుదలలో తేడా రాలేదు. తక్కెడ బిడ్డను పెంచదు. గీత కిందికి దిగినప్పుడు ఏం పెడుతున్నావమ్మా, పాలు ఎన్నిసార్లు, విరేచనాలు అయ్యాయా అని అడిగి, ఆ ఇంట్లో ఉన్నదానితోనే ఏం మార్చొచ్చో చెప్పే మనిషి పెంచుతుంది. అంగన్‌వాడీ టీచరుకు రిజిస్టర్లు, యాప్‌లు నింపడానికి పోయే సమయం ఆ సంభాషణ నుంచే కోసుకుపోతుంది.

ఆటిజం స్క్రీనింగ్‌పై వైద్యుల్లోనే భిన్నాభిప్రాయం ఉంది. తల్లిదండ్రులకు ఏ అనుమానమూ లేని పిల్లలందరికీ ఈ పరీక్ష చేయడం వల్ల మేలని చెప్పడానికి ఆధారాలు చాలవని 2016లో అమెరికాలోని ప్రభుత్వ నిపుణుల సంఘం తేల్చింది. మరోవైపు ఎం-చాట్ కొత్త రూపంపై 2014లో వచ్చిన అధ్యయనంలో, రెండు దశల పరీక్షలోనూ అనుమానితులుగా తేలిన పిల్లల్లో దాదాపు సగం మందికే ఆటిజం ఉన్నా, నూటికి తొంభై నాలుగు మందికి పైగా ఏదో ఒక రకం సాయం అవసరమైనవారే. ఈ రెండూ కలిపి చూస్తే నాకు తోచే మార్గం ఇది. స్క్రీనింగ్‌లో అనుమానం వస్తే ఆటిజం అనే ముద్ర వెంటనే వేయొద్దు, చికిత్సను నిర్ధారణ దాకా ఆపొద్దు. బిడ్డతో ఆడటం, మాట్లాడటం, వేలితో చూపించడం, ఒకరి తరవాత ఒకరు చేసే ఆటలు నేర్పడం ఏ బిడ్డకూ కీడు చేయవు. అన్నిటికన్నా ముందు, మా బిడ్డ మిగతావాళ్ళలా లేదండీ అని తల్లి అంటే, ఆ మాటను తొలి పరీక్షా ఫలితంగా తీసుకోవాలి. కొంతకాలం చూద్దాం అని తిప్పిపంపే సలహా వల్ల పోయిన నెలలు తిరిగిరావు.

గుర్తించిన తరవాత

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1986-87లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం గిడసబారిన 129 మంది పసిపిల్లలపై ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళ పాటు వారం వారం కొందరి ఇళ్ళకు వెళ్ళి, ఇంట్లో తయారుచేసిన బొమ్మలతో బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ళ తరవాత ఆ పిల్లలు, అలాంటి సాయం అందని గిడసబారిన పిల్లల కన్నా సుమారు 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని 2014లో తేలింది. ఖరీదైన యంత్రమేదీ అక్కడ లేదు.

మన దగ్గర మండలాల్లో సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధన, ఫిజియోథెరపీ అందిస్తున్నాయి. 2023 నవంబర్‌లో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు ఒక కార్యవిధానం విడుదల చేసింది, 2024లో మూడేళ్ళలోపు పిల్లలతో ఆటపాటలకు నవచేతన అనే చట్రాన్ని తెచ్చింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, చదువులో ప్రత్యేక ఇబ్బందులు కూడా ఉన్నాయి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ నిరామయ పథకం లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఇస్తుంది. థెరపీ ఖర్చులకూ అందులో చోటుంది. ఇది తెలియని కుటుంబాలు చాలా ఉన్నాయి, చెప్పాల్సింది సర్టిఫికెట్ ఇచ్చే చోటే.

అసలు చిక్కు దూరం. జిల్లా కేంద్రంలో ఉన్న డీఈఐసీకి వారానికి రెండుసార్లు రావాలంటే పాడేరు కొండల మీది తల్లి, ఆసిఫాబాద్ గూడెంలోని తల్లి రోజు కూలి వదులుకోవాలి, బస్సు చార్జీ పెట్టుకోవాలి, మిగతా పిల్లలను ఎవరికో అప్పజెప్పాలి. మూడు నాలుగు వారాలకే రావడం ఆగిపోతుంది. రికార్డులో ఆ బిడ్డ "రిఫర్ చేశాం" అన్న గడిలోనే ఉండిపోతుంది. ఈ కార్యక్రమం విజయాన్ని ఎంతమందిని పరీక్షించారన్న అంకెతో కొలవడం మాని, రిఫర్ చేసినవారిలో ఎంతమందికి ఆరు నెలల తరవాత కూడా చికిత్స సాగుతోందన్న అంకెతో కొలవాలి. ఫిజియోథెరపిస్టు నెలలో కొన్ని రోజులు భవిత కేంద్రాలకే వెళ్ళడం, తల్లికి ఇంట్లో చేసే కసరత్తులు ఫోన్‌లో వీడియో తీసి ఇవ్వడం కష్టమైన పనులేమీ కావు.

వల బయట ఉండిపోతున్న పిల్లలు రెండు రకాలు. తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో పెద్దసంఖ్యలో పిల్లలు ప్రైవేటు బడుల్లో ఉన్నారు. ఆరోగ్య బృందం వాహనం ఆ బడుల ముందు ఆగదు. ఎల్‌కేజీలో చేర్చుకోవడానికి ఇంటర్వ్యూ పెట్టే బడి, చూపు పరీక్ష కాగితం మాత్రం అడగదు. రెండోవారు వలస కూలీల పిల్లలు. ఒడిశా పశ్చిమ జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల బిడ్డ బరువు కార్డు సొంతూళ్ళో ఉంటుంది, బిడ్డ బట్టీ దగ్గర ఉంటుంది. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో అలాంటి బిడ్డ పేరును కొత్తచోటి అంగన్‌వాడీకి మార్చుకునే వీలుంది. ఆ వీలు ఉపయోగపడాలంటే దగ్గరి ఊరి అంగన్‌వాడీ టీచరో, ఆశా కార్యకర్తో బట్టీ దాకా నడిచి వెళ్ళి, గుడిసెల మధ్య ఆడుకుంటున్న పిల్లల పేర్లూ వయసులూ వాళ్ళ తల్లుల భాషలో అడిగి రాసుకోవాలి.